తుప్పు వదిలిన కత్తి

మా పెదనాన్న కొలిమిలోకి వచ్చిన ఇనుము ఏదైనా సరే, పదును పెట్టించుకోకుండా గడప దాటదు. పిడి ఊడిందని కత్తి తెస్తే పిడి వేసి, అడక్కపోయినా పదును పెట్టి, పెరట్లో ఏదో ఒకటి కోసి చూసి మరీ ఇస్తాడు. ఒకసారి ఎవరో తలుపు గొళ్ళెం తెచ్చారు. గొళ్ళేనికి పదునేమిటని మీరు అడగొచ్చు. దాని అంచులు నున్నగా అరగదీసి, తన తలుపుకే బిగించి పదిసార్లు వేసి తీసి చూసి, అప్పుడు చేతికిచ్చాడు. తెచ్చినాయన ఈలోగా నిలబడలేక బయట మెట్టు మీద కూర్చుని ఒక కునుకు కూడా తీశాడు.

ఈ సంగతి నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తెలుసు. తెలిసి కూడా, మా మ్యూజియంలో అన్నిటికంటే విలువైన కత్తిని దూదిలో చుట్టి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, "దీనికి స్టాండు చెయ్యి పెదనాన్నా" అని చెప్పి వచ్చేశాను. స్టాండు ఒక్కటే చెయ్యమని చెప్పాలని నా బుర్రకు తట్టలేదు. కాబట్టి తప్పు ఎవరిదని మీరు వెతుక్కోనక్కర్లేదు. నాదే. మా పెద్దమ్మకూ ఇందులో కొంత వాటా ఉంది, అది తర్వాత చెబుతాను.

నేను పనిచేసే మ్యూజియం చిన్నది. మొదటి గదిలో కుండలు, రెండో గదిలో బట్టలు. మూడో గదికి చాలాకాలం తాళమే ఉండేది. ఆ తాళం తీసి, సూది నుంచి లంగరు దాకా మనుషులు ఇన్ని వేల ఏళ్ళుగా ఇనుముతో చేసుకున్న పనులన్నీ అందులో చూపించాలన్నది మా సారు కోరిక. ఆయన్ని మేం తుప్పు సారు అంటాం. వెనకాలే అంటాం కానీ ఆయనకు తెలుసు, తెలిసి లోపల్లోపల మురిసిపోతారు కూడా. "తుప్పు మురికి కాదమ్మా, వయసు. వయసుని ఎవరైనా గీకుతారా?" అంటారు. మా పెదనాన్న దృష్టిలో మాత్రం తుప్పు ఇనుముకు పట్టిన గజ్జి. వీళ్ళిద్దరి మధ్యా నా బతుకు.

ఆ మ్యూజియంలో నాది తాత్కాలికపు ఉద్యోగం. ఆరు నెలలకోసారి పొడిగిస్తూ ఒక కాగితం వస్తుంది. నాలుగేళ్ళలో ఎనిమిది కాగితాలు వచ్చాయి. ప్రతిసారీ అది వచ్చేదాకా నాకు అన్నం సయించదు. ఈసారి మాత్రం మాట ఇచ్చారు: ఇనుము గది తెరిచే రోజున పైనుంచి తనిఖీ అధికారిణి వస్తుంది, గది ఆవిడకు నచ్చితే నన్ను పర్మనెంటు చేస్తారు. నచ్చకపోతే తొమ్మిదో కాగితం రాదు. అంత స్పష్టంగా చెప్పారు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి.

గదిలో వస్తువులకు అట్టల మీద వివరాలు రాసింది నేనే. స్టాండ్లు మా పెదనాన్నవి. కొలతలకు వచ్చినప్పుడు ఆయన చేతిలో దారం పట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, అట్టలన్నీ పైకి చదివాడు.

"మనిషికి మొదట దొరికిన ఇనుము ఆకాశం నుంచి రాలిన ఉల్కల్లోది," అని చదివి ఆగాడు. "పైనుంచి పడిందా?"

"అవును పెదనాన్నా, వేల ఏళ్ళ కిందటి మాట."

"అయితే ఆ కమ్మరికి గని తవ్వే పని తప్పింది. సుఖపడ్డాడు."

నాగటి కర్రు దగ్గర నేను చాలా గొప్పగా రాశానని నా నమ్మకం. కర్రు వచ్చాక గట్టి నేలలు సాగులోకి వచ్చాయని, గింజలు మిగిలాయని, మిగిలిన గింజల మీద రాజ్యాలు నిలిచాయని రాశాను. ఆయన "ఊఁ" అని ముందుకు నడిచాడు. గుర్రపు లాడం దగ్గర, "లాడం వల్ల సైన్యాలు ఎంతో దూరం నడవగలిగాయి" అని చదివి, "నడిచింది గుర్రం కదే" అన్నాడు. సంకెళ్ళ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. కీలు తట్టి చూసి, "పనిమంతుడే చేశాడు. చేసిన రోజు ఇంటికెళ్ళి అన్నం తిన్నాడో లేదో" అన్నాడు. ఇస్త్రీ పెట్టె దగ్గర ఏ వంకా పెట్టలేదు. అది మా పెద్దమ్మ ఇచ్చింది.

అన్నీ అయ్యాక దారం చుట్టుకుంటూ, "రాజులున్నారు, గుర్రాలున్నాయి, దొంగలున్నారు. కమ్మరి ఒక్కడూ లేడేం?" అని అడిగాడు.

"వాళ్ళ పేర్లు తెలియవు పెదనాన్నా."

"తెలియదనైనా రాయొచ్చుగా."

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన నవ్వలేదు.

ఇక ఆ కత్తి సంగతి. పాత ధాన్యపు కొట్టు ఒకటి పడగొడుతుంటే గోడ మధ్యలో దొరికింది. మూడు నాలుగు వందల ఏళ్ళ నాటిది. గోడ పొడిగా ఉండటం వల్ల లోపల లోహం మిగిలింది కానీ, పైన వేలెడు మందాన తుప్పు అట్టలు కట్టి, వంకర తిరిగిన చెట్టు బెరడులా ఉండేది. దాన్ని చూసి మా సారు సేనాధిపతి నడుము కత్తి అని తేల్చారు. ఊరికే తేల్చలేదు, నలభై పేజీల వ్యాసం రాశారు. ఎంతో విలువైనది కాకపోతే గోడలో ఎందుకు దాచారు అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. ఆ వ్యాసం పైవాళ్ళకు నచ్చింది, అందుకే ఇనుము గదికి అనుమతి వచ్చింది. అంటే మా గదీ, నా ఉద్యోగమూ ఆ బెరడు మీదే నిలబడ్డాయి.

అటువంటిదాన్ని గురువారం నాడు రిజిస్టరులో సంతకం పెట్టి నేను కొలిమికి తీసుకెళ్ళాను. వస్తువు చేతిలో లేకుండా స్టాండు చెయ్యనని పెదనాన్న భీష్మించాడు మరి. సారు నాకు వెయ్యి జాగ్రత్తలు చెప్పారు. నీళ్ళు తగలకూడదు, ఎండ తగలకూడదు, వేలు తగలకూడదు. అన్నిటికీ తలూపాను.

సోమవారం పదకొండింటికి తనిఖీ. పొద్దున్నే ఎనిమిదింటికల్లా కొలిమికి వెళ్ళాను. బల్ల మీద స్టాండు ఉంది. దాని మీద తళతళలాడుతూ ఒక కొడవలి ఉంది. కొత్త పిడి, పిడి చుట్టూ ఇత్తడి పొన్ను.

"బాగుంది పెదనాన్నా. ఇది ఎవరిది? మా కత్తి ఏది?" అన్నాను.

"ఇదే మీ కత్తి. కత్తి కాదులే, కొడవలి."

గోడ పట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చింది. నేను సంతోషంతో కూర్చున్నానని ఆవిడ అనుకుంది.

"మూడు రోజులు నానా అవస్థ పెట్టిందే ఇది," అన్నాడు పెదనాన్న. "శుక్రవారం తుప్పు వదిలించి పదును పెట్టాను. మీ పెద్దమ్మ పెరట్లో గడ్డి కోసి చూసింది. తెగడం లేదంది."

"తెగలేదు మరి. గడ్డి మీద జారిపోతోంది," అంది పెద్దమ్మ. "వయసైపోయింది, నీ చేతిలో పదును పోయింది అన్నాను."

నలభై ఏళ్ళ కాపురంలో పెద్దమ్మ ఆయన్ని చాలా అంది. ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈ మాట మాత్రం పట్టించుకున్నాడు. శనివారం మళ్ళీ పదును పెట్టాడు, ఆవిడ మళ్ళీ తెగలేదంది. ఆదివారం పొద్దున తానే వెళ్ళి కోసి చూశాడు. తెగలేదు. అప్పుడు గట్టు మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట.

"ఇటు చూడు," అని నా పక్కన కూర్చున్నాడు. "పాతవాడు పదునుకి వాలు ఎటు తీశాడో నేనూ అటే తీశాను. ఇంకొకరి పని మార్చకూడదు కదా. వాలు మనకు అలవాటైన వైపు లేదు, రెండో వైపు ఉంది. పిడి దగ్గర వంపు చూడు, వేళ్ళు నేలకు రాసుకోకుండా వంచాడు. అదీ అటే ఉంది. ఇది ఎడమచేతి కొడవలే, పుర్రచెయ్యీ. నువ్వొస్తే గానీ దీని పదును తేలదని అట్టే పెట్టాను."

పుర్రచెయ్యి అంటే నేనే. నాది ఎడమచేతి వాటం కావడంతో ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. కొన వైపు చిన్న అతుకు చూపించాడు, ఒకసారి విరిగితే అతికించుకున్నారట. మధ్యలో బొటనవేలంత మేర అరిగిన చోటు చూపించాడు, అన్నేళ్ళు వాడారట. పిడి లోపలికి దిగే ముక్క పొట్టిగా ఉంది కాబట్టి చిన్న చెయ్యి అన్నాడు, ఆడమనిషిదే కావచ్చు అన్నాడు. నేను వింటూనే ఏడుపు మొదలుపెట్టాను.

సంగతంతా చెప్పాక పెదనాన్న ముఖం వాడిపోయింది. "మరి చెప్పొద్దూ," అన్నాడు నెమ్మదిగా. తర్వాత, "కావాలంటే తుప్పు మళ్ళీ పట్టిస్తానే. వానలో పడేస్తే..." అన్నాడు.

"వాన ఎప్పుడొస్తుంది, ఆ తల్లి పదకొండింటికి వస్తుంటే," అంది పెద్దమ్మ. "ఉప్పునీళ్ళలో వేద్దామా?"

"దానికీ నాలుగు రోజులు కావాలి." కాసేపు కొలిమి వైపు చూసి, "నల్లగా చెయ్యగలను. నూనె పూసి నిప్పుల మీద తిప్పితే పది నిమిషాల్లో పాతదానిలా అయిపోతుంది. దూరం నుంచి తేడా తెలీదు," అన్నాడు.

"చెయ్యి," అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దాచడం ఎందుకు, ఉద్యోగం కోసం ఆ నిమిషంలో నేను ఇంకా పెద్ద అబద్ధాలకైనా సిద్ధమే.

ఆయన బొగ్గులు రాజేశాడు. నూనె పూసి కొడవలిని పట్టకారుతో పట్టుకుని, నిప్పుకి జానెడు ఎత్తున ఆపాడు. ఆపి నావైపు చూశాడు. "ఒక్క మాట. కాక తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. పదును దిగిపోతుంది. మొద్దుగా వెళుతుంది ఇక్కణ్ణించి. పరవాలేదంటే చేసేస్తాను."

ఆ "పరవాలేదంటే" అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. యాభై ఏళ్ళుగా ఒక్క వస్తువునూ మొద్దుగా పంపనివాడు, నా కాగితం కోసం పంపడానికి పట్టకారు పట్టుకుని నిలబడ్డాడు. అందులో ఆయనకు కష్టం ఉన్నట్టు కూడా కనబడనివ్వడం లేదు. నాకు చాలా సిగ్గేసింది.

"వద్దు పెదనాన్నా. ఇలాగే ఇవ్వు," అన్నాను.

తొమ్మిదిన్నరకు మ్యూజియంలో దూది విప్పి సారు బల్ల మీద పెట్టాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. చూపుడువేలితో దాన్ని ఒకసారి తాకి, వేలు చూసుకున్నారు. వేలికి ఏమీ అంటలేదు. ఆ అంటకపోవడం చూసి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలుగు వందల ఏళ్ళు పట్టిందమ్మా ఆ తుప్పు పట్టడానికి," అన్నారు.

"తప్పు నాది సార్. చెప్పాల్సింది చెప్పలేదు. ఇంకో సంగతి ఉంది సార్. ఇది నడుము కత్తి కాదు. కొడవలి. ఎడమచేతిది."

ఆయన తలెత్తారు. దుఃఖం పోయి కోపం వచ్చింది, అది నాకు కొంచెం ఊరటగా అనిపించింది. "ఎవరు చెప్పారు? మీ పెదనాన్నా? నలభై పేజీలు రాశాను నేను."

"మీరు నన్ను నమ్మొద్దు సార్. వెనక గడ్డిని అడుగుదాం, రండి."

మా మ్యూజియం వెనక గడ్డి మోకాలెత్తున ఉంటుంది. దాన్ని కోయించడానికి అనుమతి అడుగుతూ సారు రెండేళ్ళలో ఆరు ఉత్తరాలు రాశారు. ఆయన కొడవలి కుడిచేత్తో పట్టుకుని గుప్పెడు గడ్డి మీద లాగారు. గడ్డి వంగి, మళ్ళీ లేచి నిలబడింది. ఇంకోసారి లాగారు. మూడోసారి మోకాళ్ళ మీద కూర్చుని లాగారు. గడ్డి ఆయన్ని అసలు లెక్కచెయ్యలేదు.

నేను తీసుకుని ఎడమచేత పట్టాను. పిడి కొత్తదే అయినా లోపలి ఇనుము వంపు నా మణికట్టు ఎటు తిరుగుతుందో అటే తిరిగింది. ఒక్క లాగుకి గుప్పెడు గడ్డి సరసరమంటూ చేతిలోకి వచ్చింది. నాకు నిజంగా సరదా వేసింది. చిన్నప్పటి నుంచి కత్తులు, తలుపులు, మరలు, అన్నీ నాకు ఎదురు తిరిగినవే. నాలుగు వందల ఏళ్ళ కిందటి మనిషి నాకోసం చేయించి పెట్టినట్టుంది. ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు కోసుకుంటూ గోడ దాకా వెళ్ళిపోయాను.

"ప్రదర్శన వస్తువు సంఖ్య ఒకటి అదేనా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

తనిఖీకి వచ్చేవాళ్ళు చెప్పిన వేళకు రారని నేను అనుకోవలసింది. అధికారిణి అరగంట ముందే వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో ఫైలు. నా ఎడమచేతిలో వస్తువు సంఖ్య ఒకటి, కుడిచేతిలో గడ్డి. సారు ప్యాంటు మోకాళ్ళకు పచ్చటి మరకలు.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తుప్పు, పదును, పెద్దమ్మ గడ్డి, అన్నీ. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. చివర సారు వైపు తిరిగి, "మీ వ్యాసం మొత్తం చదివాను. నడుము కత్తి అని రాశారు కదా?" అంది.

సారు ఏమంటారో నాకు తెలియదు. "ఈ పిల్ల పాడుచేసింది" అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. ఆయన మోకాలి మీది గడ్డిపరక దులుపుకున్నారు.

"రాశానండి. తప్పు రాశాను. ఇప్పుడే కళ్ళారా చూశాను," అన్నారు. నలభై పేజీలు రాసినవాడు నలుగురిలో ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజు నుంచి వెనకాల కూడా ఆయన్ని తుప్పు సారు అనడం మానేశాను. రెండు వారాలు మానేశాను.

"మరి కొడవలిని గోడలో ఎందుకు దాచారు?" అని ఆవిడ అడిగింది. "అందులో నాకు నచ్చిన ప్రశ్న అదొక్కటే. కొడవలి దాచుకునేంత విలువైనదా?"

సమాధానం నా నోటి నుంచి దానంతటదే వచ్చింది.

"నేనూ దాచానండి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడిలో కాగితాలు కత్తిరించమనేవాళ్ళు. మామూలు కత్తెర నా చేతిలో కాగితాన్ని మడతపెట్టేది గానీ కోసేది కాదు. టీచరు నన్ను మొద్దు అంది. మా పెదనాన్న రెక్కలు అటుది ఇటు వేసి ఎడమచేతి కత్తెర చేసిచ్చాడు. ఇంట్లో అన్నయ్యలు దాన్ని తీసుకుని, తెగక, మెలితిప్పి కీలు వదులు చేసేవాళ్ళు. పైగా దిక్కుమాలిన కత్తెర అనేవాళ్ళు. అందుకని కొలిమి గోడలో వదులుగా ఉన్న ఇటుక తీసి దాని వెనక దాచుకున్నాను. ఎడమచేతి వాళ్ళకు అలాంటిది ఊరికొక్కటే ఉంటుందండి. పాడైతే మళ్ళీ చేయించుకోవాలి."

ఆవిడ ఫైలు మూసింది. "ఆ కత్తెర ఇప్పుడెక్కడుంది?"

"అక్కడే ఉండాలి. నేను తర్వాత చదువుకి వెళ్ళిపోయాను. మర్చిపోయాను."

"ఇరవై ఏళ్ళ పైమాట కదూ," అన్నారు సారు. పొద్దున్నించి మొదటిసారి ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "ఎవరూ ముట్టుకోని తుప్పు అన్నమాట."

"చూశాకే సంతకం," అంది ఆవిడ. "మాటలకు నేను సంతకాలు పెట్టను."

రెండు వీధులు దాటి ముగ్గురం కొలిమికి నడిచాం. దారి పొడవునా సారు కత్తెరను ఎలా తియ్యాలో చెబుతూనే ఉన్నారు. వేలు తగలకూడదు, ఊదకూడదు. తీసిన మరుక్షణం మా పెదనాన్నకు మాత్రం ఇవ్వకూడదు. నాకు అవేవీ వినబడటం లేదు. ఆ ఇటుక వెనక ఏమీ లేకపోతే నేను అబద్ధాలకోరుగా కూడా తేలుతాను. మా అన్నయ్యల సంగతి నాకు తెలుసు.

పెదనాన్న, పెద్దమ్మ పక్కకి జరిగి నిలబడ్డారు. కొలిమి తిత్తి వెనక, నేల నుంచి పదో వరస. ఇప్పుడు వంగాల్సి వచ్చింది, అప్పుడు నిలబడితే అందేది. ఇటుక లాగాను. లోపల చెయ్యి పెట్టాను. చేతికి గుడ్డ తగిలింది. నేను గుడ్డలో చుట్టలేదు.

విప్పితే లోపల నా కత్తెర ఉంది. ఒక్క చుక్క తుప్పు లేదు. నూనె వాసన కూడా ఇంకా పోలేదు.

"తుప్పేదీ?" అన్నారు సారు, మోసపోయినవాడిలా.

నేను పెదనాన్న వైపు తిరిగాను. "ఇది ఇక్కడుందని నీకు తెలుసా?"

"నువ్వు దాచిన రోజే తెలుసు. నా గోడలో ఇటుక కదిలితే నాకు తెలీదా?" ఆయన చేతులు తుడుచుకుంటూ అటు తిరిగి మాట్లాడాడు. "ఏడాదికోసారి తీసి పదును పెట్టి మళ్ళీ పెట్టేస్తున్నాను. కొలిమిలో మొద్దు వస్తువు ఉంచకూడదు కదా. నువ్వెప్పుడైనా వస్తే వెతుక్కుంటావని చోటు మార్చలేదు."

"నాకు కూడా చెప్పలేదు," అంది పెద్దమ్మ, కొంచెం కోపంగా. "నేను ఒక కత్తెర కోసం ఇల్లంతా వెతుకుతుంటే."

"నీకు చెబితే తెగలేదంటావు."

ఇరవై మూడేళ్ళు నేను దాన్ని ఒక్కసారి కూడా తలచుకోలేదు. ఆయన ఇరవై మూడుసార్లు తీశాడు.

మధ్యాహ్నం ఇనుము గది తలుపుకు రిబ్బను కట్టాం. అధికారిణి తాను ఆ కత్తెరతోనే కోస్తానంది. కుడిచేత్తో పట్టుకుని నొక్కింది. రిబ్బను రెక్కల మధ్య బుద్ధిగా మడతపడింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మడతపడింది. పెద్దమ్మ పెదనాన్నను మోచేత్తో పొడిచింది. ఆయన పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. అధికారిణి నవ్వలేదు గానీ, కత్తెర తిప్పి పిడి నావైపు చాచింది.

"ఇది మీ పనే. మీరే చెయ్యండి," అంది.

రిబ్బను ఒక్క నొక్కుకి తెగింది. ఆవిడ అక్కడే కిటికీ గట్టు మీద ఫైలు పెట్టుకుని సంతకం చేసింది. ప్రాచీన వస్తువు పట్ల అజాగ్రత్త అని నాకు మెమో, పర్మనెంటు ఉత్తర్వు, రెండూ ఒకే కవరులో పదిరోజులకు వచ్చాయి. పెద్దమ్మ రెంటికీ ఫ్రేము కట్టించమంది.

కొడవలి ఇప్పుడు గది మధ్యలో ఉంది. స్టాండు మీద దాని పిడి ఎడమ వైపుకి ఉంటుంది. వెలుతురు కుడి నుంచి వస్తుందని, తిప్పి పెట్టమని సారు ఎంత చెప్పినా పెదనాన్న వినలేదు. ఆ కొడవలి గలావిడ ఎప్పుడైనా వస్తే తడుముకోకుండా తీసుకోవాలి కదా అన్నాడు. సారు రోజూ ఉదయం వచ్చి, ఎక్కడైనా ఒక చుక్క తుప్పు పట్టిందేమోనని ఆశగా చూసి వెళతారు.

గదిలో అట్టలన్నీ నేను మళ్ళీ రాశాను. కర్రు, లాడం, సంకెళ్ళు, లంగరు, ప్రతిదాని కింద ఇంకో వరస చేరింది: చేసినవారి పేరు తెలియదు. కొడవలి కింద మాత్రం రెండు వరసలు ఉన్నాయి. చేసినవారి పేరు తెలియదు. చివరిసారి పదును పెట్టినవారు, అని మా పెదనాన్న పేరు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని దాన్ని మూడుసార్లు చదివాడు. చదివి, "చివరిసారి ఏమిటే, వచ్చే ఏడు పెట్టొద్దా?" అన్నాడు.